రెండో మందు ఏం చేస్తుందో చెప్పండి

మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక వార్త అప్పుడప్పుడూ తిరుగుతుంటుంది. ఏ మందుకీ లొంగని బ్యాక్టీరియాను రెండు పాత యాంటీబయాటిక్స్ కలిపి చంపేశారని దాని సారాంశం. దేశం మారుతుంది, మందుల పేర్లు మారతాయి, వార్త మాత్రం అదే. ఈసారి మా బాబాయి దాని కింద ఒక ప్రశ్న పెట్టాడు: "అమ్మాయ్, ఒకటి పనిచేయకపోతే రెండు వెయ్యాలి, రెండూ పనిచేయకపోతే మూడు వెయ్యాలి. దీనికి ఇంత పరిశోధన దేనికి?"

బాబాయి గుంటూరు దగ్గర పత్తి, మిర్చి వేస్తాడు. పురుగు తగ్గకపోతే ట్యాంకులో రెండో మందు కలపడం ఆయనకి కొత్త కాదు. అలాగని ఆయన అమాయకుడూ కాదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని శనగపచ్చ పురుగు తినేసినప్పుడు, పైరెత్రాయిడ్ మందులు ఎన్నిసార్లు కొట్టినా పురుగు చావకపోవడం కళ్ళారా చూసినవాడు. అందుకే ఆయన ప్రశ్నని నవ్వి వదిలేయలేకపోయాను. నిజంగానే, రెండు కలిపితే ఏం పోతుంది?

నేను ఒక ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. పొద్దున్నే ఇంక్యుబేటర్ నుంచి బ్యాక్టీరియా పెంచిన ప్లేట్లు తీసి, ఏ మందు డిస్కు చుట్టూ ఎంత జోన్, అంటే క్రిమి పెరగని ఖాళీ, వచ్చిందో కొలిచి, ఏ మందు పనిచేస్తుందో, ఏది చేయదో రిపోర్టు రాయడం నా పని. మందులు కలపడం తప్పని నేను అనను. కొన్ని చోట్ల కలపకపోవడమే నేరం. నేను అడిగేది ఒక్కటే. మొదటి మందు చేయలేని ఏ పనిని రెండో మందు చేస్తోంది? కలిపేవాళ్ళు ఆ జవాబు ఒక్క వాక్యంలో చెప్పగలిగితే సరే. చెప్పలేకపోతే అది వైద్యం కాదు, ధైర్యం కోసం వేసే మాత్ర. ఆ ధైర్యం కూడా రోగికి కాదు, రాసేవాళ్ళకి.

టీబీ నేర్పిన లెక్క

కలపాలనేవాళ్ళు ముందు టీబీని చూపిస్తారు. న్యాయమే. 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చినప్పుడు అది అద్భుతం అనుకున్నారు. 1948లో అచ్చయిన బ్రిటన్ ట్రయల్‌లో ఆ మందు తీసుకున్నవాళ్ళు మొదట్లో బాగా కోలుకున్నారు. తరువాత వాళ్ళలో చాలామంది కఫంలోని క్రిములు మందుకి అలవాటుపడిపోయాయి. కొన్నేళ్ళకి లెక్క చూస్తే, మందు తీసుకున్నవాళ్ళకీ మంచం మీద విశ్రాంతి మాత్రమే తీసుకున్నవాళ్ళకీ మధ్య పెద్ద తేడా మిగల్లేదు. అప్పుడు పాస్ అనే మరో మందును జతచేశారు. అది ఒంటరిగా గొప్ప మందేమీ కాదు. అయినా అది పక్కన ఉంటే స్ట్రెప్టోమైసిన్‌కి రెసిస్టెన్స్, అంటే క్రిమికి మందుని తట్టుకునే గుణం, రావడం బాగా తగ్గింది.

లెక్క ఇది. ఊపిరితిత్తిలో టీబీ చేసిన ఒక గుహలో పది కోట్ల నుంచి వంద కోట్ల దాకా క్రిములుంటాయి. స్థూలంగా చెప్పాలంటే పది లక్షల క్రిముల్లో ఒకటి పుట్టుకతోనే ఐసోనియాజిడ్ అనే టీబీ మందుని తట్టుకోగలదు. రిఫాంపిసిన్ అనే ఇంకో మందుని తట్టుకోగలిగేది పది కోట్లలో ఒకటి. అంటే ఏ ఒక్క మందు ఇచ్చినా బతికి బట్టకట్టే క్రిములు ఆ గుహలో ముందే ఉన్నాయి. రెండిటినీ ఒకేసారి తట్టుకునే క్రిమి కావాలంటే వంద లక్షల కోట్లలో ఒకటి వెతకాలి. అన్ని క్రిములు మనిషి ఒంట్లోనే ఉండవు. ఇక్కడ రెండో మందు చేసే పని స్పష్టం: మొదటి మందు నుంచి తప్పించుకున్నదాన్ని పట్టుకోవడం.

1956లో మద్రాసులో మొదలైన టీబీ కీమోథెరపీ సెంటర్ ఈ లెక్కని మన దేశపు ఇళ్ళలోకి తెచ్చింది. ఐసోనియాజిడ్, పాస్ కలిపి ఇస్తే, శానటోరియం అనే టీబీ ఆసుపత్రిలో మంచి తిండితో పడుకున్న రోగీ, ఇరుకింట్లో ఉంటూ పనికి వెళ్ళే రోగీ దాదాపు ఒకేలా కోలుకున్నారని చూపించింది. శానటోరియంల అవసరం తగ్గిపోవడానికి ఆ పరిశోధన ఒక ముఖ్య కారణం. ఇప్పుడు రెండు నెలలు నాలుగు మందులు, ఆ తరువాత నాలుగు నెలలు మూడు మందులు, అన్నీ ఒకే మాత్రలో ఇస్తున్నారు. మొండి టీబీకి 2024లో కేంద్ర ఆరోగ్యశాఖ ఆమోదించిన కొత్త పద్ధతిలోనూ నాలుగు మందులున్నాయి: బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్ససిన్. ఒకప్పుడు ఇరవై నెలల దాకా సాగే చికిత్స దీంతో ఆరు నెలలకి దిగింది. మామూలు టీబీ మందులని ఒకే మాత్రలో పెట్టడం కూడా తెలివైన పనే. రోగి తనకి నచ్చినది వేసుకుని, వాంతి వచ్చేదాన్ని పక్కన పడేసే అవకాశం ఉండదు.

ఇంతవరకూ బాబాయి మాటే గెలిచింది.

ఆ లెక్క ఎక్కడ తప్పుతుంది

కానీ పైన చేసిన గుణకారం ఒక షరతు మీద నిలబడింది. ఒక మందుని తట్టుకునే గుణానికీ ఇంకో మందుని తట్టుకునే గుణానికీ సంబంధం ఉండకూడదు. టీబీ క్రిమి విషయంలో అది నిజం. దాని రెసిస్టెన్స్ దాని సొంత జన్యువుల్లో పొరపాటున వచ్చే మార్పు. ఒక మార్పుకీ ఇంకో మార్పుకీ లంకె లేదు. పక్క క్రిమి నుంచి అరువు తెచ్చుకునే అలవాటూ దానికి లేదు.

మా ల్యాబ్‌లో రోజూ చూసే క్లెబ్సియెల్లా, ఈ-కోలై అనే బ్యాక్టీరియాలది వేరే బతుకు. వాటికి ప్లాస్మిడ్లు ఉంటాయి. చిన్న గుండ్రటి డీఎన్ఏ ముక్కలవి, ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి చేతులు మారతాయి. ఒకే ప్లాస్మిడ్ మీద మూడు నాలుగు రకాల మందులని తట్టుకునే జన్యువులు వరసగా కూర్చుని ఉంటాయి. మెరోపెనెం లాంటి పెద్ద మందులని కూడా కొరికేసే ఎంజైముని తయారుచేసే ఎన్‌డీఎం జన్యువు తరచూ ఇలాంటి గుంపులోనే వస్తుంది. అప్పుడు టీబీలోలా గుణించే ప్రశ్నే లేదు. ఒక్క ప్లాస్మిడ్ అందితే అన్నీ అందినట్టే. పైగా ఆ గుంపులో ఏ ఒక్క మందు వాడినా మొత్తం గుంపు బతుకుతుంది. అలాంటి క్రిమి మీద గుడ్డిగా రెండు మందులు వేస్తే, రెండూ దానికి ముందే తెలిసినవి అయ్యే అవకాశమే ఎక్కువ.

దీనికి మన పక్కనే ఒక పాఠం ఉంది. 2007లో అచ్చయిన అధ్యయనంలో స్వీడన్ పరిశోధకులు హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో, దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీళ్ళని పరీక్షించారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ కనిపించింది. మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఆ ఒక్క మందే కాదు, ఇంకా ఎన్నో మందులు అదే నీళ్ళలో ఉన్నాయి. క్రిములకి మనం ఇస్తున్న కాంబినేషన్ కోర్సు అది. డాక్టర్ చీటీ లేదు, ఎన్నాళ్ళో లేదు.

అంచేత టీబీని చూపించి "అక్కడ కలిపితే పనిచేసింది కదా, ఇక్కడా కలపండి" అనే వాదన నాకు నచ్చదు. టీబీలో కలపడం పనిచేసింది టీబీ క్రిమి స్వభావం వల్ల, కలపడంలో ఉన్న మహిమ వల్ల కాదు.

ప్లేటు మీద కనిపించే సాయం

అయితే క్లెబ్సియెల్లాలోనూ కలపడం అందంగా పనిచేసే చోటు ఒకటుంది. నా ఉద్యోగంలో నాకు బాగా ఇష్టమైన ప్లేటు అదే.

ఎన్‌డీఎం ఉన్న క్రిమి దాదాపు అన్ని పెన్సిలిన్ జాతి మందులనీ కొరికేస్తుంది. ఒక్క అజ్ట్రియోనామ్‌ని మాత్రం కొరకలేదు. మరి అజ్ట్రియోనామ్ ఒక్కటే ఇస్తే చాలదా? చాలదు. ఎన్‌డీఎం ఉన్న క్రిమిలో సాధారణంగా ఇంకో రకం ఎంజైములు కూడా ఉంటాయి. ఎన్‌డీఎం వదిలేసిన అజ్ట్రియోనామ్‌ని అవి కొరికేస్తాయి. సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ అనే ఇంజెక్షన్‌లోని అవిబాక్టమ్ ఎన్‌డీఎంని ఏమీ చేయలేదు, కానీ ఈ రెండో రకం ఎంజైములని ఆపేస్తుంది. అంటే రెండు ఇంజెక్షన్లలో ఏదీ ఒంటరిగా పనిచేయదు. కలిపితే ఒకటి కాపలా కాస్తుంది, రెండోది చంపుతుంది.

ప్లేటు మీద ఈ రెండు డిస్కులనీ తగినంత దూరంలో పక్కపక్కన పెడితే విడివిడిగా జోన్ రాదు, లేదా పేరుకి వస్తుంది. రెండిటికీ మధ్యలో మాత్రం క్రిమి పెరగని ఖాళీ ఉబ్బి కనిపిస్తుంది. కొత్తగా చేరిన అమ్మాయిలకి ఈ ప్లేటు చూపిస్తే "మేడమ్, ఇది కంటామినేషనా?" అని అడుగుతారు. కాదు, ఆ ఖాళీయే ఐసీయూకి ఫోన్ చేయాల్సిన కబురు. ఈ ఆలోచనతోనే అజ్ట్రియోనామ్, అవిబాక్టమ్ కలిపిన మందుని 2024లో యూరప్, 2025లో అమెరికా ఆమోదించాయి.

అమాక్సిసిలిన్-క్లావులనిక్ యాసిడ్ తర్కం కూడా ఇదే. ఒకటి మందు, రెండోది దానికి అంగరక్షకుడు. సెప్ట్రాన్‌గా మనకి తెలిసిన ట్రైమెథోప్రిమ్-సల్ఫామెథాక్సజోల్ ఇంకో తరహా. క్రిమి ఫోలేట్ తయారు చేసుకునే దారిలో రెండు వేర్వేరు మెట్ల దగ్గర రెండు మందులూ అడ్డం నిలబడతాయి. పైగా రెండూ ఒంట్లో దాదాపు ఒకే వేగంతో తగ్గుతాయి, కాబట్టి కలిసి వచ్చి కలిసి వెళ్తాయి. వీటిలో దేని గురించి అడిగినా రెండో మందు పని ఒక్క వాక్యంలో చెప్పొచ్చు.

ఇక్కడే నా వైపు నుంచి ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ప్లేటు మీద అందంగా కనిపించినదల్లా మంచం మీద పనిచేయదు. కొలిస్టిన్, మెరోపెనెం అనే రెండు యాంటీబయాటిక్స్ కలిపితే ల్యాబ్‌లో చాలా క్రిముల మీద బలం పెరుగుతుందని కుప్పలుగా పేపర్లు వచ్చాయి. దాన్ని నమ్మి ప్రపంచమంతా ఐసీయూల్లో కలిపి ఇచ్చారు. 2018లో ఇజ్రాయెల్, గ్రీస్, ఇటలీ ఆసుపత్రులు 406 మంది రోగుల మీద చేసిన ట్రయల్ ఫలితం వచ్చింది. కొలిస్టిన్ ఒక్కటే ఇచ్చినవాళ్ళలో 79 శాతం, రెండూ ఇచ్చినవాళ్ళలో 73 శాతం మందికి చికిత్స విఫలమైంది. గణాంకాల ప్రకారం అది తేడా కింద లెక్కకు రాదు. విరేచనాలు మాత్రం రెండూ ఇచ్చినవాళ్ళకే ఎక్కువయ్యాయి. ఆ రోగుల్లో ఎక్కువమందికి ఉన్నది అసినెటోబ్యాక్టర్ అనే ఇంకో క్రిమి. క్లెబ్సియెల్లాలో ఫలితం వేరుగా ఉండొచ్చని వాదించేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఉండొచ్చు. కానీ ఆ వాదన చేసేవాళ్ళు దాన్ని మంచం దగ్గర చూపించాలి, ప్లేటు మీద కాదు.

కలిపితే పోయేదేముంది అనేవాళ్ళకి ఇంకా పాత సంగతి ఒకటుంది. 1951లో అమెరికాలో లెపర్, డౌలింగ్ అనే ఇద్దరు వైద్యులు న్యూమోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల మెదడు పొరల వాపు (మెనింజైటిస్) వచ్చిన రోగుల లెక్కలు అచ్చువేశారు. పెన్సిలిన్ ఒక్కటే తీసుకున్నవాళ్ళకంటే, పెన్సిలిన్‌తో పాటు ఆరియోమైసిన్ అనే టెట్రాసైక్లిన్ మందు కూడా తీసుకున్నవాళ్ళు చాలా ఎక్కువగా చనిపోయారు. కారణం చూస్తే వింతేమీ లేదు. పెన్సిలిన్ పెరుగుతున్న క్రిమినే చంపుతుంది. టెట్రాసైక్లిన్ క్రిమి పెరుగుదలని ఆపుతుంది. రెండో మందు మొదటి మందు పని చెడగొట్టింది.

షాపులో చించి ఇచ్చే కాంబినేషన్

ఇప్పటిదాకా చెప్పింది ఆసుపత్రుల కథ. మన ఊళ్ళలో జనం మింగే కాంబినేషన్లలో ఎక్కువ భాగం ఆసుపత్రి గడప తొక్కవు.

మా వీధి చివర మెడికల్ షాపులో ఒకసారి నా ముందు నిలబడ్డ పెద్దాయన "బాబూ, లూజ్ మోషన్స్‌కి ఏదైనా ఇయ్యి" అన్నాడు. కుర్రాడు రెండో మాట అడగకుండా ఆఫ్లాక్ససిన్-ఆర్నిడజోల్ స్ట్రిప్‌లోంచి నాలుగు మాత్రలు కత్తిరించి ఇచ్చాడు. జ్వరముందా, రక్తం పడుతోందా, ఎన్నిసార్లు వెళ్ళారు, ఏమీ అడగలేదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మాట ఎత్తలేదు. డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దని చెప్పే ఎర్ర గీత మాత్రం స్ట్రిప్ వెనక ఉంది, కత్తెర దాని మీదుగానే పోయింది.

ఆ మాత్రలో రెండు మందులెందుకున్నాయి? ఒకటి బ్యాక్టీరియాకి, రెండోది అమీబాకి. ఏది కారణమో తెలియదు కాబట్టి రెండూ. నీళ్ళ విరేచనాల్లో చాలావాటికి ఈ రెండిట్లో ఏదీ అక్కర్లేదు. ఐసీయూలో రెండో మందు మొదటి మందు లోటు తీరుస్తుంది. ఇక్కడ రెండో మందు తీరుస్తున్నది రోగ నిర్ధారణ లోటు. పెద్దాయన కడుపులోని కోట్ల మంచి క్రిములు ఈ రెండు మందులనీ ఊరికే రుచి చూస్తాయి.

అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ కలిపిన మాత్ర నాకు ఇంకా చిత్రంగా ఉంటుంది. సెఫిక్సిమ్ ఒంట్లో సగానికి తగ్గడానికి మూడు నాలుగు గంటలు చాలు. అజిత్రోమైసిన్‌కి అందుకు 68 గంటల దాకా పడుతుంది. ఆఖరి మాత్ర మింగిన మర్నాటికి సెఫిక్సిమ్ వెళ్ళిపోతుంది. అజిత్రోమైసిన్ ఒక్కటే, రోజురోజుకీ పలచబడుతూ, క్రిముల మధ్య మిగిలిపోతుంది. ఏ మందునీ ఒంటరిగా వదలొద్దని కదా టీబీ చెప్పింది! డబ్బా మీద కాంబినేషన్ అని ఉంటుంది, ఒంట్లో జరిగేది చాలా రోజులు ఒంటరి మందు వైద్యమే.

న్యాయంగా చెప్పాలంటే, టైఫాయిడ్ వరకూ ఈ జంటకి ఒక వాదన ఉంది. టైఫాయిడ్ క్రిమి కణాల లోపలా ఉంటుంది, బయటా ఉంటుంది. అజిత్రోమైసిన్ కణాల లోపల బాగా పోగవుతుంది, సెఫిక్సిమ్ బయట పనిచేస్తుంది. అదే ప్రశ్నతో భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్‌లలో పద్ధతిగా ట్రయల్ పెట్టారు. అది సరైన వరస: ముందు ప్రశ్న, తరువాత పరీక్ష, ఆపైన మాత్ర. మన దగ్గర మాత్ర చాలా ఏళ్ళ ముందే షాపుల్లోకి వచ్చేసింది, అదీ టైఫాయిడ్‌కి మాత్రమే కాదు, గొంతు నొప్పికి కూడా.

2007 నుంచి 2012 దాకా మన దేశంలో అమ్మిన యాంటీబయాటిక్ కాంబినేషన్లని కొందరు పరిశోధకులు లెక్కపెట్టారు. మొత్తం 118 రకాలు తేలాయి. అందులో 75 రకాలకి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం ఉన్నట్టు దాఖలాయే లేదు. 2016 మార్చిలో 344 కాంబినేషన్లని కేంద్రం నిషేధించింది. వాటిని పరిశీలించిన కమిటీకి పెద్ద చంద్రకాంత్ కోకాటే, ఒకప్పుడు వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా చేసినవారు. కంపెనీలు కోర్టుకెళ్ళాయి, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది, 2018 సెప్టెంబరులో 328 కాంబినేషన్ల మీద మళ్ళీ నిషేధం వచ్చింది. 2024 ఆగస్టులో ఇంకో 156. అన్నీ యాంటీబయాటిక్స్ కావు, నొప్పి మాత్రలూ, దగ్గు మందులూ ఉన్నాయి. ఈ జాబితాలు చూసినప్పుడల్లా నాకొకటే అనిపిస్తుంది. అమ్మకానికి వచ్చాక ఎందుకు తీసెయ్యాలో ప్రభుత్వం నిరూపించాల్సి వస్తోంది. రాకముందే ఎందుకు కలిపారో కంపెనీ నిరూపించి ఉంటే ఇన్ని కోర్టు ఖర్చులు ఉండేవి కావు.

ఐసీయూ నుంచి వచ్చిన ప్రశ్న

ఇదంతా మా ఐసీయూ డాక్టర్‌గారితో చాలాసార్లు వాదించాను. ఆయన నా వాదనలో ఉన్న మెత్తటి చోటు కనిపెట్టారు.

"మేడమ్, రాత్రి రెండింటికి ఒళ్ళంతా ఇన్ఫెక్షన్ పాకి, సెప్సిస్‌తో పేషెంట్ వస్తాడు. బీపీ పడిపోతూ ఉంటుంది. రెండో మందు ఏం చేస్తుందో ఒక్క వాక్యంలో చెప్పమంటే నేనేం చెప్పాలి? ఏ క్రిమో తెలియదు. రెండు వేస్తే వాటిలో ఒకటైనా తగులుతుందని వేస్తాను. మీ రిపోర్టు వచ్చేదాకా ఆగితే పేషెంట్ ఉండడు."

ఆయన చెప్పింది నిజం. ఆ రాత్రి ఆ మాటే ఒక్క వాక్యం జవాబు, దాన్ని నేను ఒప్పుకుంటాను. క్రిమి తెలియని చోట, గంటలు ప్రాణం తీసే చోట వల వెడల్పుగా వేయాలి. మెడికల్ షాపు కుర్రాడు కూడా ఏం తెలియకుండానే ఇస్తున్నాడు కదా అంటే, తేడా ఉంది. డాక్టర్‌గారు మందు వేసే ముందు రక్తం తీసి మాకు కల్చర్‌కి, అంటే క్రిమిని పెంచి గుర్తుపట్టే పరీక్షకి, పంపుతారు. తెలియనితనాన్ని పోగొట్టుకునే ఏర్పాటు చేసుకునే ఆయన చీకట్లో రాయి వేస్తున్నారు.

నా పేచీ మొదటి రాత్రితో కాదు, మూడో రోజుతో. కల్చర్‌లో ఈ-కోలై వచ్చింది, ఒక్క మందు చాలునని రిపోర్టు చెప్పింది, పేషెంట్ కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. రెండో మందు మాత్రం చార్టులో కొనసాగుతూ ఉంటుంది. అడిగితే "బాగానే ఉన్నాడు కదా, ఇప్పుడెందుకు కదిలించడం" అంటారు. రేపు తేడా వస్తే బంధువులు "మందెందుకు ఆపారు" అని అడుగుతారని భయం. ఎక్కువ మందులు ఇచ్చినందుకు ఆసుపత్రి అద్దాలు పగలగొట్టినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు. ఆ భయాన్ని పుస్తకంలోని సిద్ధాంతం పోగొట్టదు.

అందుకని ఇద్దరం ఒక మాట అనుకున్నాం. రెండు మందులు మొదలుపెట్టిన ప్రతి చార్టులోనూ రెండో మందు ఎందుకో, ఏ రిపోర్టు వస్తే ఆపుతారో అదే రోజు రాయాలి. కల్చర్‌లో ఏదైనా పెరిగితే మేం కాగితం కోసం ఆగకుండా ఫోన్ చేయాలి. చాలావరకు నడుస్తోంది. ఆయన వైపు నుంచి ఒక ఫిర్యాదు మాత్రం అలాగే ఉంది. శనివారం సాయంత్రం పంపిన శాంపిల్ సంగతి సోమవారం మధ్యాహ్నానికి గానీ తేలదని, ఆ రెండు రోజులూ అనవసరమైన మందు వెళ్ళేది మా వల్లేనని. నిజమే, ఆదివారం మా ల్యాబ్‌లో ఉండేది ఒక్క టెక్నీషియనే. ఆ ఒక్కరూ రక్త పరీక్షలు చూసుకుంటూ మధ్యలో ప్లేట్లు కూడా చూడాలి. ఇంకొకరిని వెయ్యమని మేనేజ్‌మెంట్‌కి కాగితం పెట్టాం. ఒక టెక్నీషియన్ జీతంతో పోలిస్తే ఐసీయూలో అక్కర్లేని రెండో ఇంజెక్షన్ బిల్లు ఎంతవుతుందో ఈసారి లెక్కగట్టి, ఆ కాగితానికి జతచేశాం.